తాడు పట్టినోడి పేరు

మూడు నెలల కొలువు నాది.
అచ్చంపేటల, పాత సమితి ఆఫీసు వెనక గదిల
నాలుగు వందల పన్నెండు వస్తువులకు
ఫొటో తీసి, కొలత తీసి, చీటీ రాయాలె.
దసరా దాటినంక తలుపులు తెరుస్తరట.
టికెట్ లేదు. ఎవలైనా వచ్చి చూడొచ్చు,
బడి పిల్లలు, బస్సు తప్పినోళ్లు,
శ్రీశైలం పోతూ చాయ్‌కి ఆగినోళ్లు.

నలభై ఏండ్లు ఇవన్నీ ఇనుప బీరువల ఉన్నయి.
జమచేసిన సారు పోయిండు, తాళంచెవి పోయింది,
బీరువను కట్టరు పెట్టి కోసినం.
ముందుగాల బయటికొచ్చింది వాసన:
పొగ, మైనం, ఎలుకల మందు.

నేను రాసిన చీటీ:
"వస్తువు 117. తాడు. నారతో పేనినది.
పొడవు అరవై రెండు మూరలు.
ఉపయోగము: కొండచరియల తేనె తీయుట.
స్థితి: ఒకచోట కాలినది."
పొందికగ ఉన్నదనుకున్న.
ఎవలూ మాట్లాడని భాషల రాస్తే
ఎందుకో నిజమనిపిస్తది.

తెరిచేముందు ఒకసారి చూపియ్యాలని
నల్లమల పెంటలకు కబురు పంపినం.
ముగ్గురొచ్చిన్రు. ఇద్దరు గడప కాడనే కూసున్నరు.
మండ్లి బయ్యమ్మ లోపలికొచ్చి
అద్దం మీద అరచెయ్యి ఆనిచ్చింది.
అద్దాలు తుడిచే పిలగాడు నా దిక్కు చూసిండు.
నేను కిటికీ దిక్కు చూసిన.

"ఏం రాసినవ్ బిడ్డా?"
చదివిన.
"మళ్ల చదువు."
చదివిన.
"పట్టినోడేడి?"

"దిగేటోడు మొగడైతే
పైన తాడు పట్టేటోడు పెండ్లాం తోడబుట్టినోడు.
అన్నదమ్ములకియ్యరు తాడు,
అన్నదమ్ముల నడుమ సవాలచ్చ ఉంటయి.
బామ్మర్ది ఇడిస్తే వానక్క బొట్టే పోతది.
గందుకే వాని చేతుల పెడతరు పానం.

గిది మా పెద్దులు పట్టిండు.
కాలిన కాడ చూసినవా?
పొగబెట్టిన కొరివి తాడుకంటింది.
ఒక్క ఊపిరిల గుంజిండు వాడు,
అరచేతుల తోలు లేసింది గని ఇడువలే.
నా మొగడు తేనెపెరతోని పైకొచ్చి
వాన్నే తిట్టిండు, మోకాళ్లు చెక్కుకపోయినయని."
నవ్వుకుంట కొంగుతోని మూతి మూసుకుంది.

చీటీ చింపేసిన.

క్యాసెట్లు పదకొండు.
తేనెటీగలను బతిమాలే పాటలున్నయి,
గడ్డలు తవ్వేటప్పటివి, పెండ్లివి.
ఏడోదాంట్ల పాట లేదు, ఏడుపుంది.
ఆమె చెవులకు పెడితే
రీలు తిరుగుతనే ఉంది, ఆమె కదలలే.

"సారు మంచోడే" అన్నది చానాసేపటికి.
"నా చిన్నపిల్ల పోయిన రాత్రి గిది.
మిషిను గుడిసె ఎనక పెట్టినట్టున్నడు.
చెప్పలే."

చెరిపెయ్యాల్నా అని అడిగిన.
"వద్దు. అది దాని పేరు పెట్టి ఏడ్సినది.
పాటలన్నీ ఇనిపియ్యి, ఊరూరికి ఇనిపియ్యి,
మావి గావనుకోకున్రి, మీవే అనుకోకున్రి.
గిదొక్కటి పక్కకు పెట్టు.
నేను పోయినంక నా మనుమరాలిని అడుగు.
అది సరేనంటే సరే."

పై ఆఫీసరు ఫోన్ల అన్నడు:
"అందరికంటే అందరికీ కదా,
పట్టికల ఖాళీ కనబడితే ఆడిట్ల అడుగుతరు."
ఖాళీ పెట్టలే. ఇట్ల రాసిన:
"ఏడో క్యాసెట్టు: ఉన్నది. బయ్యమ్మను అడగాలె."

తెరిచిన నాడు వాన.
రిబ్బన్ కట్ చేసినోళ్లు గొడుగులకింద్కెల్లే పోయిన్రు.
పదకొండు గంటలకు కల్వకుర్తి మనిషొకడు
తడిసిన లుంగీ పిండుకుంట లోపలికొచ్చి
117 కాడ ఆగి, గట్టిగ చదివిండు:
"ఈ తాడును పట్టినవాడు మండ్లి బయ్యమ్మ తమ్ముడు పెద్దులు.
కాలుతుంటె సుత ఇడువలే."

"ఇంటున్నవారా!" అన్నడు ఎనకకు మల్లి,
"నువ్వైతే బీడీ ముట్టిచ్చుకునేటందుకే ఇడుస్తువు."

ఆయన బామ్మర్ది నవ్వలే.
తాడు దిక్కే చూసుకుంట
జేబులకెల్లి రెండు చేతులు బయటికి తీసిండు.